వెచ్చని తెలుపు

గుజరాతీ గల్లీల షాపు షట్టర్ లేపంగనే
నలభై టీవీలు ఒక్కసారి అరుస్తయి.
చెవికి కాదు, కంటికి.
మామిడిపండు మంట లెక్క,
సముద్రం నీలిమందు కలిపిన బకెట్టు లెక్క.
దుకాణంల అట్లనే ఉండాలె అంటడు సేటు,
ట్యూబులైట్ల కింద మెల్లగ మాట్లాడే బొమ్మను ఎవడు కొంటడు?

ఇండ్లకు పోయి ఆ అరుపు తగ్గించుడు నా పని.
పంతొమ్మిదేండ్ల సంది.

ముందుగాల కిటికి చూస్త.
పడమటి ఎండ పడితే ఎంత పెద్ద టీవీ అయినా అద్దమే,
సోఫాల కూసున్నోని బనీను తప్ప ఏం కనపడదు.
తర్వాత ఎనుక వైర్లు.
అరవై వేలు పోసి కొన్న ఇంట్ల
ఎరుపు, తెలుపు, పసుపు పాత వైర్లే గుచ్చి ఉంటయి,
హెచ్‌డీఎంఐ వైరేమో చుట్ట ఇప్పకుండ
అటక మీది డబ్బాల నిద్రపోతుంటది.
షార్ప్‌నెస్ సున్నకు దించుత.
మనుషుల చుట్టు తెల్లగీత పోతది,
కత్తెరతోని కోసి అతికించినట్టున్నోళ్లు గాలిల కలుస్తరు.
నలుపుకైతే రాత్రి సీను పెట్టాలె.
కోటు మీది ముడతలు కనపడాలె,
కోటు మాత్రం బూడిద కావద్దు.
రెండు నొక్కుల తేడా, గంతే.

తెలుపే కష్టం. మీటరు లేదు నా దగ్గర, కన్నే.
మెనూల కూల్ అని ఒకటి, వార్మ్ అని ఒకటి.
వార్మ్ పెడితే తెర పసుపునీళ్లు తాగినట్టు కనపడేది నాకు.
అందరికీ కూలే పెట్టిన.
మలక్‌పేటల, సైదాబాదుల, చంపాపేటల.

మొన్న ఆషాఢంల కుడికన్ను పొర తీసిండ్రు.
పట్టీ ఇప్పంగనే ఎదురుగ నర్సమ్మ కోటు.
అంత తెలుపు ఎన్నడు చూసిన?
కుడికన్ను మూస్తే అదే కోటు
ఛాయ్‌ల ముంచి ఆరేసినట్టు.
తెరిస్తే మల్లె.
మూసి తెరిచి, మూసి తెరిచి...
పక్క మంచం పెద్దాయన
నేనెవరికో కన్నుగొడుతున్న అనుకున్నడు.
"ఏడెనిమిదేండ్ల పొర కావచ్చు" అన్నది డాక్టరమ్మ.

అప్పుడు యాదికొచ్చింది పుష్పలీల.
మూసారంబాగ్‌ల మ్యాచింగ్ సెంటర్ ఆమెది.
చీరంచు పట్టుకొని వాకిట్లకు పోయి
ఎండల ఒకపారి, నీడల ఒకపారి చూసి గాని
జాకెట్టుగుడ్డ కొయ్యని మనిషి.
టీవీ బిగించిన్నాడు అన్నది:
"అన్నా, వీళ్లంత నీళ్లల నానిన పీనుగుల లెక్కున్నరు."
"హెచ్‌డీ అట్లనే ఉంటదమ్మా, అలవాటైతది."
రిమోటు నా చేతిల ఉండె మరి.
ఆమె ఇంకేమనలే.
గంధం రంగు ముక్క ఒకటి తెర అంచుకు ఆనిచ్చి చూసి
మడిచి పెట్టుకున్నది.

ఐదో దినం నల్లద్దాలు పెట్టుకొని పోయిన.
పిలవకుండ వచ్చిన మెకానిక్కును ఎవరు రానిస్తరు?
రానిచ్చింది.
అద్దాలు లేపి చూసిన.
నిజమే, వార్తలు చదివే పిల్ల సలికి పెదవులు గట్టి
ధరల గురించి చెప్తున్నది.
మెనూ తీసిన. వార్మ్.
అడగకముందే ఆమె లోపలికి పోయి
ఆ గంధం ముక్కే తెచ్చింది.
ఆనిచ్చింది. తల పక్కకు వంచింది.
"ఒక్క నొక్కు తగ్గియ్యి."
తగ్గించిన.
"ఇగ ముట్టకు."
పిల్ల పెదవులకు నెత్తురొచ్చింది.

పైసలు ఇయ్యబోతే తీసుకోలే. ఛాయ్ తాగిన,
ఛాయ్ రంగు గూడ రెండు కండ్లతోని రెండు తీర్లు చూసిన.

సంచిల ఏడు రశీదు బుక్కులున్నయి.
చిట్టీకొక గల్లీ, పక్కన గుర్తుకు
ఒక పిండిగిర్ని, ఒక ఇస్త్రీ డబ్బా.
ఎడమకన్ను వచ్చే నెల.
అందాక అది మూసుకొనే తిరుగుత.

మొదటి చిట్టీ యాకుత్‌పురా, రెండో అంతస్తు.
ఆ ఇంట్ల వాళ్లే ఉన్నరో, ఖాళీ చేసిండ్రో.
ఆ టీవీ ఉన్నదో, పాతసామానుకు పోయిందో.
లోపల నుంచి తలుపు కింద సందుల
నీలం ఎలుగు కదులుతున్నది.

బెల్లు కొట్టిన.